పడవ లేకుండానే బుధవారం సాయంత్రం పందేనికి

శాన్‌ఫ్రాన్సిస్కో బే చుట్టూ ఉన్న యాట్ క్లబ్బుల్లో చాలావాటికి వసంతం నుంచి సెప్టెంబరు దాకా వారానికో సాయంత్రం తెరచాప పడవల పందెం ఉంటుంది. వీటిని బీర్ క్యాన్ రేసులంటారు. ఒక క్లబ్బులో బుధవారమైతే ఇంకోచోట శుక్రవారం. నేను వెళ్లేది బుధవారం, రెడ్‌వుడ్ సిటీ వైపు. ఐదున్నరకు డాక్ మీద ఉంటే ఎనిమిదిన్నరకల్లా తిరిగి గట్టెక్కొచ్చు. మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "పడవ ఎంతకొస్తుంది?" అని. కొనొద్దు. ముప్పై అడుగుల పడవను పందెంలో నడపాలంటే నలుగురైదుగురు మనుషులు కావాలి. వారం మధ్యలో వాళ్లను పోగేయలేక ఓనర్లు తంటాలు పడుతుంటారు. మనం ఆ ఖాళీలోకి వెళ్లడమే.

సభ్యత్వం సాధారణంగా పడవ ఓనరుకే అడుగుతారు, క్రూకు అక్కర్లేదు. క్లబ్బు వెబ్‌సైట్‌లో క్రూ లిస్ట్ ఉంటే పేరు రాయండి. లేకపోతే రేస్ చైర్‌కు (పందేలు చూసుకునే మనిషికి) నాలుగు ముక్కలు మెయిల్ పెట్టండి: అనుభవం ఎంత, బరువు ఎంత, ఏ బుధవారాలు కచ్చితంగా రాగలరు. బరువు ఎందుకడిగారని నొచ్చుకోకండి. గాలి జోరుగా ఉన్నప్పుడు పడవ ఒరగకుండా అంచున కూర్చునే మనిషి బరువు వాళ్లకు లెక్కే. "నాకేమీ రాదు, చెప్పింది చేస్తాను, ప్రతి వారం వస్తాను" అన్న మాటకున్న విలువ సర్టిఫికెట్‌కు లేదు. ఏఎస్ఏ 101 గానీ యూఎస్ సెయిలింగ్ వాళ్ల బేసిక్ కీల్‌బోట్ కోర్సు గానీ చేస్తే తాళ్ల పేర్లు ముందే తెలుస్తాయి, అంతే. కాలిఫోర్నియా బోటర్ కార్డు మోటారుతో పడవ నడిపేవాళ్లకు కావాలి. 2025 నుంచి అందులో వయసు మినహాయింపు లేదు. క్రూగా వెళ్లేవాళ్లకు దాంతో పని లేదు కానీ, రేవులోంచి బయటికొచ్చేటప్పుడు "కాసేపు చుక్కాని పట్టుకో" అంటారు కాబట్టి పది డాలర్లు కట్టి తీసుకోవడమే మేలు.

హుస్సేన్‌సాగర్‌లో చిన్న లేజర్ బోట్లు నడిపి వచ్చినవాళ్లు ఇక్కడ మొదట తికమకపడతారు. అక్కడ తెరచాపా చుక్కానీ రెండూ ఒక్కడి చేతిలోనే ఉంటాయి. ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కో తాడు. గాలి చదవడం వచ్చినా వించ్ (తాడు చుట్టి లాగే డ్రమ్ము) మీద చెయ్యి కొత్తే.

బట్టల విషయంలో ఒకటే మాట, కాటన్ వద్దు. జులైలో మధ్యాహ్నం ఊళ్లో చెమటలు పట్టినా, ఏడింటికి నీటి మీద వణుకు పుడుతుంది. ఒంటికి అంటుకునే పాలియెస్టర్ లేదా ఉన్ని, దాని మీద ఫ్లీస్, పైన గాలి, నీరు దూరని జాకెట్. బూట్ల అడుగు నల్లగా మరక పడనిది కావాలి. నల్ల సోల్‌తో తెల్లటి డెక్ ఎక్కితే ఓనరు ఏమీ అనడు కానీ గుర్తుపెట్టుకుంటాడు. వేళ్ల చివర్లు తెరిచిన గ్లవ్స్, కళ్లజోడుకు తాడు, చిన్న నీళ్ల సీసా చాలు. లైఫ్ జాకెట్ చాలా పడవల్లో ఉంటుంది. గాలి నిండే రకమైతే ఎక్కేముందు లోపలి సీఓటూ సిలిండర్ గట్టిగా బిగించి ఉందో లేదో చేత్తో తిప్పి చూడండి. వదులైన సిలిండర్ ఉన్న జాకెట్ అవసరానికి ఉబ్బదు.

కొత్తవాళ్లకు ముందుగా ఇచ్చేది జిబ్ షీట్, అంటే ముందు తెరచాపను లాగే తాడు. ముక్కు దగ్గరి పని, స్పినేకర్ (వెనక గాలికి ఎత్తే ఉబ్బెత్తు తెరచాప) పని మొదట్లోనే అడగకండి. జిబ్ షీట్ ఒక్కటి శుభ్రంగా చేస్తే పడవలో మీకో చోటు ఖాయం, కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా.

తాడును వించ్‌కు ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే చుట్టాలి. టాక్ అంటే పడవ ముక్కును గాలికి ఎదురుగా దాటించి గాలిని రెండో వైపుకు మార్చడం. అప్పుడు జిబ్ కూడా పాత వైపు నుంచి కొత్త వైపుకు మారుతుంది. స్కిప్పర్ "రెడీ టు టాక్?" అనగానే కొత్త వైపు మనిషి వదులుగా ఉన్న షీట్‌ను లాగి ఒకటి, మహా అయితే రెండు చుట్లు వేసి "రెడీ" అనాలి. పాత వైపు మనిషి షీట్‌ను క్లీట్‌లోంచి (తాడును బిగించి పట్టేది) తీసి బరువు చేతిలో పట్టుకుని నిలబడాలి. పడవ తిరుగుతుండగా జిబ్ ముందంచు ముడుచుకోవడం మొదలైన క్షణాన ఒక అడుగు వదిలి, చుట్లన్నీ పైకి ఎగరేసి తీసేయాలి. ముందే వదిలితే పడవ వేగం చస్తుంది. ఆలస్యమైతే జిబ్ వెనక్కి ఉబ్బి ముక్కును అవసరానికి మించి తోసేస్తుంది. కొత్త వైపు మనిషి చేతి మీద చెయ్యి వేసి గబగబా లాగి, బరువు పడ్డాక మూడో చుట్టు వేసి, చివరి అడుగు, అడుగున్నర మాత్రమే హ్యాండిల్‌తో తిప్పాలి. జెనోవా (పెద్ద జిబ్) అయితే తెరచాపకూ స్ప్రెడర్ (స్తంభానికి అడ్డంగా ఉండే కమ్మీ) కొసకూ మధ్య రెండు మూడు అంగుళాల ఎడం మిగలాలి.

చెడేది ఎక్కువగా ఇక్కడే. తాడు వదులుగా ఉండగానే మూడు నాలుగు చుట్లు వేసేస్తే, లాగేటప్పుడు ఒక చుట్టు ఇంకోదాని మీదికెక్కి బిగుసుకుంటుంది. దీన్ని ఓవర్‌రైడ్ అంటారు. బలం పెట్టి గుంజితే ఇంకా బిగుస్తుంది. వెంటనే "ఓవర్‌రైడ్" అని అరవండి, దాచకండి. వించ్‌కు ముందున్న షీట్‌కు ఇంకో తాడును రోలింగ్ హిచ్ అనే ముడితో కట్టి వేరే వించ్‌కు తీసుకెళ్లి బరువు దానికెత్తితే చిక్కు దానంతటదే వదులవుతుంది. చోటుంటే ఇంకోసారి టాక్ చేసినా బరువు పోతుంది. తాడు లాగేటప్పుడు వించ్‌కు జానెడు దూరంలోపల వేళ్లు పెట్టకూడదు. తాడు వదలాలంటే అరచేతిని చుట్ల మీద ఆనించి జరపాలి. చేతికి మాత్రం తాడు చుట్టుకోకండి, ఎంత తేలికగా అనిపించినా సరే.

స్టార్ట్ విషయానికొస్తే, ఐదు నిమిషాల ముందు మీ క్లాస్ (మీతో పోటీపడే పడవల గుంపు) జెండా లేస్తుంది, నాలుగు నిమిషాలప్పుడు పీ జెండా, అంటే సిద్ధం కమ్మనే జెండా. ఒక్క నిమిషం ఉందనగా పీ దిగుతుంది, దాంతోపాటు పొడుగాటి హారన్. సున్నాకు క్లాస్ జెండా దిగుతుంది. వాచీని హారన్‌కు కాదు, జెండాకు నొక్కాలి. పందెం రూల్స్‌లో రూల్ 26 ప్రకారం కనబడే సంకేతానిదే లెక్క, హారన్ మోగకపోయినా స్టార్ట్ చెల్లుతుంది. పీ జెండా లేచిన దగ్గర్నుంచి మీరు పందెంలో ఉన్నట్టే, కాబట్టి ఆలోపే మోటారు ఆపేయాలి. కొన్ని క్లబ్బులు ఈ వరసను కుదిస్తాయి, సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ (ఆ పందేనికి క్లబ్బు ఇచ్చే సూచనలు) ఒకసారి చదివి వెళ్లండి. కొత్త క్రూకు అప్పజెప్పే పని గడియారం చదవడం: నిమిషానికోసారి, తర్వాత ముప్పై సెకన్లప్పుడు, చివరి పది సెకన్లు ఒక్కొక్కటీ గట్టిగా. మధ్యలో వేరే మాటలొద్దు.

రూల్స్ పుస్తకమంతా క్రూకు అక్కర్లేదు. ఎదురెదురు టాక్‌లో ఉన్న పడవల్లో గాలి ఎడమ వైపు నుంచి తగిలేది, అంటే పోర్ట్ టాక్‌లో ఉన్నది, కుడి వైపు నుంచి తగిలే స్టార్‌బోర్డ్ టాక్ పడవకు తప్పుకోవాలి. ఒకే టాక్‌లో పక్కపక్కన ఉంటే గాలి వచ్చే వైపున్నది తప్పుకోవాలి. ఇంకో పడవ విషయంలో తప్పు చేస్తే రెండు చుట్లు, మార్క్‌ను (పందెం దారి చూపే తేలే గుర్తును) తాకితే ఒక చుట్టు తిరగాలి. జెనోవా కింద ఏం వస్తోందో చుక్కాని పట్టినవాడికి కనబడదు. అంచున కూర్చున్న మీరు "స్టార్‌బోర్డ్ బోట్, ఐదు పడవల దూరం" అని చెప్పాలి. రెడ్‌వుడ్ సిటీ రేవుకు సిమెంటు, ఇసుక తెచ్చే ఓడలు వస్తాయి. ఛానల్‌లో ఓడ కనబడితే పందెం రూల్స్ దాని ముందు పనికిరావు, మనమే పక్కకు పోవాలి.

దక్షిణ బేలో గాలికన్నా నీటిని ఎక్కువ చూసుకోవాలి. సెంట్రల్ వ్యాలీ వేడికి సముద్రపు గాలి లోపలికి లాగబడి మధ్యాహ్నం జోరుగా వీస్తుంది, పొద్దు వాలేసరికి పడిపోతుంది. పందెం చివరి భాగంలో పడవ రెండు నాట్లకు (గంటకు రెండు సముద్రపు మైళ్లు) దిగి, ఎదురు ప్రవాహం ఒకటిన్నర నాట్లుంటే మిగిలేది అర నాటే. అప్పుడు ఛానల్ అంచుకు జరగాలి, లోతు తగ్గేకొద్దీ ప్రవాహం మెత్తబడుతుంది. కానీ ఆరడుగుల కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) ఉన్న పడవ బురదలో దిగబడిందా, అది ఆటు సమయమైతే నీళ్లు ఇంకా తగ్గిపోతాయి. క్షణం ఆలోచించకుండా అందరూ డెక్ మీదే గాలి పోయే వైపు అంచుకు చేరి పడవను ఒరిగించాలి, కీల్ పైకి లేస్తుంది. గాలి మొత్తం చచ్చిపోతే చప్పుడు కాకుండా లంగరు వేయొచ్చు, రూల్ 45 ఒప్పుకుంటుంది. పక్కవాళ్లు వెనక్కి కొట్టుకుపోతుంటే ఉన్నచోటే ఉండి స్థానం సంపాదించడం ఇక్కడ మామూలే.

ముందు గీత దాటినవాడే గెలిచినట్టు కాదు. పీహెచ్‌ఆర్‌ఎఫ్ రేటింగ్ అని మైలుకు ఇన్ని సెకన్లని ఒక్కో పడవకూ ఉంటుంది. అంకె ఎక్కువైతే పడవ నెమ్మది. ఒకదానికి 80, ఇంకోదానికి 180 అనుకుందాం. నాలుగు మైళ్ల పందెంలో నెమ్మది పడవకు నాలుగు వందల సెకన్లు, అంటే 6 నిమిషాల 40 సెకన్లు కలిసొస్తాయి. అందుకే మీ పడవ చివర్లో వస్తున్నా తాడు వదిలేసి కూర్చోకండి.

డాక్‌కు వచ్చాక పని అయిపోలేదు. మెయిన్ సెయిల్‌ను మడతలు పెట్టడం, తాళ్లు చుట్టడం, డెక్ కడగడం అయ్యేదాకా ఉండండి, ఆ తర్వాతే క్లబ్బులో బర్గరు. వచ్చే వారం వస్తారో లేదో సోమవారంలోగా మెసేజ్ పెట్టండి. రాలేకపోతే ముందే చెప్పినవాణ్ని మళ్లీ పిలుస్తారు, బుధవారం నాలుగింటికి "మీటింగ్ ఉంది" అన్నవాణ్ని పిలవరు. సెప్టెంబరు తర్వాత పొద్దు చాలదు కాబట్టి సాయంత్రం పందేలు ఆగిపోతాయి. చలికాలంలో మిడ్‌వింటర్ సిరీస్ వారాంతాల్లో, పగటిపూట జరుగుతుంది. దానికి మనుషులు కావాలా అని మీ స్కిప్పర్‌ను ఆగస్టులోనే అడిగి పెట్టుకోండి.