రెండిట్లో ఏది తక్కువైతే అది

కాగితం మీద ఇందాకట్నుంచి ఒక ఊహల ఇల్లు కడుతున్నా. బాగుచేయించడానికి ఖర్చు 1,50,000 డాలర్లు. వరదకు ముందు దాని మార్కెట్ విలువ 60,000.

2005 కత్రినా హరికేన్ తర్వాత న్యూ ఆర్లీన్స్ ఇళ్ళకు సాయమిచ్చిన ‘రోడ్ హోమ్’ పథకంలో, ఈ రెండిట్లో తక్కువ అంకెతోనే లెక్క మొదలు. అందులోంచి బీమా, ఫీమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సాయ సంస్థ) ఇచ్చిన సొమ్ము కొట్టేయాలి. అది 25,000 అనుకుంటే చేతికొచ్చేది 35,000.

ఇదే ఇంటిని ఖరీదైన పేటలో, 1,60,000 విలువతో పెట్టి చూశా. 1,25,000 వచ్చింది! చెక్క అదే, మేకులు అవే, కూలీ అదే. దెబ్బ తగిలింది ఎక్కువగా నల్లజాతి పేటలకే. 2008లో కేసు పడింది, 2011లో 6.2 కోట్ల డాలర్ల దాకా ఇచ్చేలా రాజీ కుదిరింది.

ఇంకో మెలిక. వరదకు అందకుండా ఇంటిని పైకి ఎత్తించుకోవడానికి విడిగా 30,000 దాకా ఇచ్చారు. అసలు సాయమే చాలక చాలామంది దాన్ని గోడలకూ కప్పుకూ పెట్టేశారు (పెట్టరా మరి, కప్పులేని ఇంటిని ఎత్తి ఏం లాభం?). నిబంధన ప్రకారం అది దుర్వినియోగం. ఆ సొమ్ము తిరిగి కట్టమని లూసియానా రాష్ట్రం కోర్టుకెక్కింది. ఆ దావాలు వదులుకునేసరికి 2023.