పాస్ ఉంది కదా అని...

మూడు రాత్రులుగా లాప్‌టాప్ ముందేసుకుని ఒకటే లెక్కలు. డిసెంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు, ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లాలి. మాకు డిస్నీ పార్కుల్లోకి వెళ్లే యాన్యువల్ పాస్ ఉంది కాబట్టి వాళ్ల హోటల్లో డిస్కౌంట్ వస్తుందిలే అని ధీమాగా కూర్చున్నా. తీరా చూస్తే ఆ డిస్కౌంట్ హోటల్‌కో రకం, తారీఖుకో రకం, పైగా ఆ రేటుకిచ్చే గదులు కొన్నే. ఖరీదైన రిసార్టులో ఎక్కువ శాతం తగ్గించినా, వాళ్లదే చవక హోటల్ మామూలు రేటు ఇంకా తక్కువ! శాతం చూసి మురిసిపోయా, అంతే.

బయట ఒక హోటల్ సగం ధరకే కనిపించింది. చివరి పేజీకి వెళ్లేసరికి గది అద్దె కాక విడిగా వేసే రిసార్ట్ ఫీజు, కారు పెట్టుకున్నందుకు రోజూ పార్కింగ్, ఆ పైన ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో గది మీద పన్ను 12.5 శాతం. డిస్నీ హోటల్లోనూ పన్ను తప్పదు గానీ రిసార్ట్ ఫీజు లేదు, పార్కింగ్ ఉచితం, పార్కులోకి 30 నిమిషాలు ముందే వదులుతారు. ఇంతా చెప్తే నాన్న ఫోన్లో "పడుకోడానికే కదరా, దానికింత లెక్కా?" అన్నారు. అమ్మ అడిగింది ఒక్కటే, గదిలో అన్నం వండుకోవచ్చా అని. ఇప్పుడు కిచెన్ ఉన్న గదుల రేట్లు చూస్తున్నా, మళ్లీ మొదటినుంచి.