టెక్కా మార్కెట్ చూశాక నాకు అనిపించింది

సింగపూర్ వెళ్లొచ్చిన మా వైజాగ్ వాళ్లెవరిని కదిపినా మాల్స్ గురించే చెబుతారు. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ వివోసిటీ, ఆర్చర్డ్ రోడ్డు అన్నీ తిరిగాను. బాగున్నాయి, కాదనను. భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్న దీవి అది. ఏడాది పొడవునా ఉక్కపోత, ఉన్నట్టుండి కుండపోత వాన. మెట్రో దిగి ఎండా వానా తగలకుండా నేరుగా మాల్‌లోకి నడిచి వెళ్లిపోవచ్చు. ముసలీ ముతకా, పిల్లాజెల్లా అక్కడ చల్లగా తిరుగుతుంటే చూడ్డానికి హాయిగానే ఉంటుంది.

నా మనసు మాత్రం లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనున్న టెక్కా సెంటర్ మీదే ఉండిపోయింది. 1982లో కట్టిన భవనం. కింద చేపలు, మాంసం, కూరగాయలు, టిఫిన్ దుకాణాలు. మేడ మీద బట్టల కొట్లు, దర్జీలు. రబ్బరు బూట్లు వేసుకున్న చైనీస్ పెద్దాయన పండుగప్పకు పొలుసు గీకుతున్నాడు. నా చీర చూసి "కర్రీ కట్?" అన్నాడు. తలకాయ రెండుగా చీల్చి, పులుసుకి సరిపోయేంత మందంగా ముక్కలు కొట్టి, పైపు అందుకుని బల్లంతా కడిగేశాడు. ఆ నీళ్లు నేల మీదున్న గాడిలోంచి జారి కాలవలోకి పోయాయి. అలా చూస్తూ నిలబడిపోయాను. మా అమ్మాయి "పద అమ్మా" అని తొందర పెడుతూనే ఉంది.

వాళ్లకూ ఇది ఊరికే రాలేదు. ఒకప్పుడు తోపుడు బళ్లన్నీ రోడ్ల మీదే ఉండేవి. అరవయ్యో దశకం చివర్లో అమ్మేవాళ్లందరి పేర్లూ రాసుకుని లైసెన్సులిచ్చారు. తర్వాత పదిహేనేళ్లకు పైగా కష్టపడి కప్పు, నీళ్లు, కాలవ ఉన్న సెంటర్లు కట్టి, వాళ్లనే అందులోకి తెచ్చారు. 2020లో యునెస్కో ఆ హాకర్ల, అంటే వీధుల్లో అమ్మేవాళ్ల, సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఇన్ని మాల్స్ కట్టుకున్న దేశం బజారును వదిలేయలేదు.

ఇక మన సంగతి. మాల్స్ వస్తే బజార్లు పోతాయని అంటుంటారు. నేను ఒప్పుకోను. 1999లో మొదలైన రైతు బజార్లనే చూడండి. మా వైజాగ్ మద్దిలపాలెంలో సీఎంఆర్ సెంట్రల్ మాల్ ఉంది, వీధికో సూపర్ మార్కెట్ వచ్చింది. అయినా ఆదివారం పొద్దున ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో కాలు పెట్టే సందుండదు. కూర్చోడానికి చోటు, పైన కప్పు, రేటు రాసిన బోర్డు ఉంటే జనం వాళ్లే వస్తారు.

అదే నేను చేపలు కొనే చోట చూడండి. ఎండలో గొడుగు కింద కూర్చుంటుంది ఆవిడ. "తాజాది తల్లీ, చూసుకో" అని కోనాం చేప మొప్ప ఎత్తి ఎర్రదనం చూపిస్తుంది. పక్కన కత్తిపీట ముందేసుకున్నావిడ చేతికి బూడిద రాసుకుని, చేప జారకుండా ఎంత వడుపుగా కోస్తుందో! టెక్కాలో చూసిన ఆ పెద్దాయనకు ఏమాత్రం తీసిపోదు. కడగడానికి మాత్రం ఒకటే బకెట్ నీళ్లు. మధ్యాహ్నానికి ఆ నీళ్లు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. ముక్కు మూసుకుని మాల్‌కి వెళ్లిపోయే వాళ్లను నేనేమీ అనను. నా కోపం ఆ బకెట్ మీద, అక్కడో కొళాయి వేయించని వాళ్ల మీద.

వీధి వ్యాపారులకు రక్షణగా 2014లోనే చట్టం వచ్చింది. ముందు సర్వే చేసి అందరినీ లెక్క రాయాలి, అమ్ముకునే చోట్లు గుర్తించాలి, అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు. అది సవ్యంగా అమలైతే సగం పని అయినట్టే.

కొత్త భవనం కట్టేస్తాం అంటే మాత్రం నాకు టెన్షనే. అద్దె పెరిగితే ముందు ఖాళీ చేయాల్సింది కత్తిపీట ఆవిడే. సింగపూర్‌లో రోడ్ల మీంచి వచ్చిన మొదటితరం వాళ్లకు అద్దె బాగా తగ్గించి ఇచ్చారు. ఇక్కడా చోటు ముందు వాళ్ల పేరు మీదే రాయాలి, వాళ్లు కట్టగలిగే అద్దెకే ఇవ్వాలి. ఆ మాట కాగితం మీదకి వచ్చాకే శంకుస్థాపన చేయమనండి.