చివరి మీటరు ప్రోబ్‌దే

డిసెంబర్ దగ్గరపడుతుందంటే హనుమకొండ, కరీంనగర్ పిల్లలు మంచు ట్రెక్కుల ప్లాన్లు మొదలుపెడతారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన తర్వాత మన దగ్గర ఈ ధైర్యం బాగా పెరిగింది. నాకు చాలా సంతోషం. అయితే ఏ బూట్లు కొనాలి, ఏ జాకెట్ మంచిదని నన్ను అడిగేవాళ్లే గానీ, మంచు చరియ విరిగి మీద పడితే ఏం చేయాలని అడిగినవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

మంచు కింద చిక్కిన మనిషిని చలి కంటే ముందు ఊపిరాడకపోవడం చంపుతుంది. మొదటి పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారని, అరగంట దాటితే మూడోవంతు మందే మిగులుతారని స్విట్జర్లాండ్ పాత లెక్కలు చెప్పాయి. కొత్త అధ్యయనాలు ఆ గడువును పది నిమిషాలకే కుదించాయి. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికాడు, కానీ ఆస్పత్రిలో కన్నుమూశాడు. అలా దొరకడం అరుదు. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే టైమ్ ఉండదు. కాపాడితే పక్కన నడుస్తున్న దోస్తులే కాపాడాలి.

అందుకు ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులుండాలి: బీకన్, ప్రోబ్, పార. బీకన్ అరచేతిలో పట్టే రేడియో. 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతుంది, అవసరమైతే అదే సిగ్నల్‌ను వెతుకుతుంది. వెతికేటప్పుడు స్క్రీన్ మీద బాణం దిక్కును, నంబర్ దూరాన్ని మీటర్లలో చూపిస్తాయి. కంపెనీ ఏదైనా ఫ్రీక్వెన్సీ అదే. ప్రోబ్ అంటే మడిచి బ్యాగులో పెట్టుకునే సన్నని అల్యూమినియం కడ్డీ. లోపలి తీగ లాగితే ముక్కలన్నీ బిగుసుకుని రెండున్నర, మూడు మీటర్ల పొడవవుతుంది. మీద సెంటీమీటర్ల గీతలుంటాయి.

ఈ పోస్టులో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. బీకన్ మిమ్మల్ని మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది, మనిషిని మాత్రం చూపించదు. చూపించేది ప్రోబ్. ఒకదాని పని ఎక్కడ ఆపి రెండోదాని పని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిస్తే నిమిషాలు మిగులుతాయి.

మా ఊళ్లో మంచు లేదు గనక ప్రాక్టీసుకు రైస్‌మిల్లు ఊక కుప్ప దొరికింది. పక్కవాలు ఫోన్‌తో కొలిస్తే 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. మంచు చరియలు ఎక్కువగా జారే వాలు 30 నుంచి 45 డిగ్రీలు కాబట్టి మాకు బాగా సరిపోయింది. మిల్లు బంద్ ఉన్న రోజే వెళ్తాం, మోటార్లు నడుస్తుంటే బీకన్‌లో నంబర్లు ఎగిరెగిరి పడతాయి. పాత బట్టలు కుక్కిన బస్తాలో ఒక బీకన్ పెట్టి ఊకలో పాతేస్తాం.

మొన్న ఒక డిగ్రీ కుర్రాడు వెతుకుతున్నాడు. దూరంలో బాణం చూసుకుంటూ గబగబా వచ్చాడు. మూడు మీటర్ల లోపలికి రాగానే వేగం తగ్గించి, బీకన్‌ను ఊక మీద ఆనించినట్టే పట్టుకుని, తిప్పకుండా ముందుకూ వెనక్కూ, ఆ తర్వాత అడ్డంగా జరిపాడు. అంతవరకు బ్రహ్మాండం. ఆ తర్వాత మళ్లీ అదే చోట తిరగడం మొదలుపెట్టాడు.

“సార్, 1.2 కంటే తగ్గుతలేదు.”

“తగ్గదు బిడ్డా, అది లోతు. ప్రోబ్ అందుకో.”

బస్తా మీటరుపైన లోతులో ఉంటే పైన నంబర్ సున్నాకు ఎట్లా వస్తుంది? అతి తక్కువ నంబర్ వచ్చిన చోట గుర్తు పెట్టి, అక్కడ మొదటి పోటు వేయాలి. తగలకపోతే పాతిక సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ గుండ్రంగా పెద్దదవుతూ పోట్లు వేసుకుంటూ పోవాలి. ఈలోగా రెండోవాడు ఊరికే నిలబడకూడదు. బీకన్ పట్టినవాడు దగ్గరికి వచ్చేసరికే ప్రోబ్ బిగించి వెనకాలే ఉండాలి.

ప్రోబ్‌ను నిట్టనిలువుగా కాదు, వాలుకు లంబంగా గుచ్చాలి. బీకన్ చూపిన కనిష్ఠ దూరం ఆ లంబం మీదే ఉంటుంది మరి. 35 డిగ్రీల వాలు మీద, మనిషి లంబంగా మీటరున్నర లోతులో ఉన్నాడనుకోండి. నిట్టనిలువుగా గుచ్చితే ఆ లోతుకు చేరేసరికి ప్రోబ్ కొన వాలు వెంబడి దాదాపు మీటరు పక్కకు పోతుంది. మనిషిని తప్పించుకుని పోవడానికి అంత చాలు.

తగిలినప్పుడు చేతికి తెలుస్తుంది. నేల అయితే ఠక్కున ఆగుతుంది. బస్తా అయితే మెత్తగా ఆగి, కొంచెం వెనక్కి తోసినట్టుంటుంది. ఊకలో ప్రోబ్ సులువుగా దిగుతుంది, మంచులో బలం పెట్టాలి. అయినా ఈ తేడా చేతికి అలవాటు చేయడానికి ఊక చాలు.

తగిలిన ప్రోబ్‌ను బయటికి లాగొద్దు. గీతల మీద లోతు చూసుకుని, కనీసం అంత దూరం వాలు కిందికి దిగి, అక్కడి నుంచి లోపలికి తవ్వుకుంటూ రావాలి. జారి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. మొత్తం టైములో ఎక్కువ భాగం తవ్వకానికే పోతుంది కాబట్టి తప్పు చోట తవ్వితే ఇక కోలుకోలేం. ముందు ముఖం, ఛాతీ బయటికి రావాలి.

ఇంకా కొన్ని. చరియ ఆగగానే, మళ్లీ జారే ప్రమాదం లేదని చూసుకుని, మంచు కింద చిక్కనివాళ్లందరూ తమ బీకన్లను వెతికే మోడ్‌కు మార్చాలి. ఒక్కడు మరిచిపోయినా అందరూ వాడి చుట్టూనే తిరుగుతారు. ఫోన్‌ను వెతికే బీకన్‌కు కనీసం అర మీటరు దూరంలో ఉంచండి, స్విచ్ఛాఫ్ చేస్తే ఇంకా మంచిది.

కింద పడ్డవాడి ఒంటి మీద బీకన్ లేకపోతే ఇదంతా పనికిరాదు. అప్పుడు జాగిలాలు, వరసగా నిలబడి గుచ్చుకుంటూ పోవడమే దిక్కు, గంటలు పడుతుంది. కాబట్టి చలికాలం ట్రెక్కుకు డబ్బు కట్టే ముందు ఆర్గనైజర్‌ను అడగండి: దారిలో చరియలు జారే వాలు ఉందా, ఉంటే మనిషికొక బీకన్, ప్రోబ్, పార ఇస్తారా, బయలుదేరే ముందు వాటితో ప్రాక్టీసు చేయిస్తారా? ఉంది, కానీ ఇవ్వం అంటే ఆ ట్రెక్కుకు వెళ్లొద్దు.