ఇనుపరాయి గుట్టలో ఖనిజమెంత, రాయెంత

రాయదుర్గం వైపు నుంచి బళ్లారి పోయేవాళ్లకు డి.హీరేహాళ్ మండలంలో, ఓబుళాపురం దగ్గర, గుట్టలు ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఎరుపు చూసి గుట్టంతా ఇనుమే అనుకుంటారు. మంచి ఇనుపరాయి ఎర్రగా ఉండదు. ఉక్కు రంగులో, ఒక్కోచోట నీలిఛాయతో ఉంటుంది. ఎర్రగా ఉండేది దాని పొడి. బాత్‌రూమ్ టైల్ వెనకవైపు, మెరుపు పూత లేనిచోట రాయిని గీసి చూడండి. గీత జాజు రంగులో పడితే హెమటైట్ అనే ఇనుప ఖనిజం. పసుపు తిరిగిన గోధుమ రంగైతే గోథైట్ జాతి. నల్లగా పడి, రాయి అయస్కాంతానికి అంటుకుంటే మాగ్నటైట్. మన పల్లెల్లో గోడలకూ అరుగులకూ పూసే జాజుకు ఆ రంగు వచ్చిందీ మట్టిలో నలిగి కలిసిన హెమటైట్ వల్లనే.

రంగు తర్వాత చూడాల్సింది బరువు. స్ప్రింగు త్రాసుకు రాయి కట్టి ఒకసారి గాలిలో, ఒకసారి బకెట్ నీళ్లలో మునిగేలా వేలాడదీసి తూచాలి. గాలిలో 2.4 కిలోలు, నీళ్లలో 1.9 వచ్చిందనుకుందాం. తగ్గింది 0.5. 2.4ని 0.5తో భాగిస్తే 4.8, అంటే రాయి నీళ్లకంటే అన్ని రెట్లు బరువు. ఇది మంచి రాయి. అదే సైజు రాయికి 3.3 చుట్టుపక్కల వస్తే అందులో సగానికి పైగా చెకుముకి లాంటి సిలికానే. ల్యాబ్‌కు పంపేముందు ఈ పని చేస్తే చాలా ఖర్చు తప్పుతుంది.

ఆ తేలికరాయే గుట్టలో ఎక్కువ. గని వాళ్లు బీహెచ్‌క్యూ అంటారు: ఒక చార ఇనుము, ఒక చార సిలికా, మళ్లీ ఇనుము, ఇలా పరతలు పరతలుగా ఉండే రాయి. బళ్లారి జిల్లాలోని సండూరు శిలల పట్టీ సుమారు 270 కోట్ల ఏళ్ల నాటిది, ఓబుళాపురం గుట్టలు దాని తోకలాంటివి. బీహెచ్‌క్యూలో ఇనుము 35-40 శాతమే. వాన నీళ్లు ఎన్నో యుగాలు ఇంకి ఇంకి సిలికాను కరిగించి తీసుకుపోయినచోట మాత్రం ఇనుము మిగిలి చిక్కబడింది. ఖనిజం అని మనం అమ్మేది ఆ చిక్కబడిన భాగాన్నే. అది గుట్టమీద ఒక టోపీలాగా ఉంటుంది. ఒకచోట మందంగా, పది అడుగులు పక్కకు పోతే పలచగా, కింద మళ్లీ అదే చారల రాయి. అచ్చమైన హెమటైట్‌లోనే ఇనుము 69.9 శాతానికి మించదు. కాబట్టి 65 శాతం సరుకు అంటే నూటికి 93 పాళ్లు హెమటైటే అని అర్థం. 72 శాతం అని ఎవరైనా చెబితే ఆ రిపోర్టు చింపేయొచ్చు.

టోపీలో కూడా రకాలున్నాయి. పైన లాటరైట్ పెచ్చు, అంటే ఎర్రటి గుల్లరాయి. దాని కింద గట్టిరాయి. ఆ తర్వాత పొరలు పొరలుగా విడిపోయే రాయి, దీన్నే బిస్కెట్ ఓర్ అంటారు. సిలికా పూర్తిగా పోయి ఇనుప రేణువులే మిగిలినచోట బ్లూడస్టు, అంటే చేత్తో తీస్తే చక్కెరలా జారిపోయే నీలిపొడి. శాతంలో మేలైనది ఇదే, పట్టుకోవడానికి కష్టమైనదీ ఇదే. తేమ ఉన్నంతసేపు గోడలా నిలువుగా నిలబడి ధైర్యమిస్తుంది. రెండు రోజులు ఎండ తగిలాక ఉన్నట్టుండి జారుతుంది. దాని కింద హిటాచి నిలపకూడదు.

ఈ గుట్టల చరిత్రంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: ఏది ఖనిజం, ఏది పారేసే రాయి? జవాబు కాలానికొక తీరుగా మారింది. పాత రోజుల్లో బొగ్గుతో, తోలు తిత్తులతో ఇనుము తీసిన కొలిమి వాళ్లకు పనికొచ్చింది మెత్తగా నలిగే రాయి. వాళ్ల కొలిమిలో ఇనుము కరిగి పారేది కాదు, ముద్దకట్టేది. రాయిలోని సిలికా కరిగి బయటికి పోవాలంటే దానికి జతగా ఇనుము కూడా కొంత పోవాల్సిందే. అందుకే పాత ఇనుప చిట్టెం అంత బరువు, అందులో సగందాకా ఇనుప ఆక్సైడే ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త బళ్లారి జిల్లా భూగర్భాన్ని సర్వే చేసి సండూరు కొండల ఇనుము గురించి రాశాడు. అప్పటికి రాయదుర్గం కూడా ఆ జిల్లాదే.

సమ్మెట, గడ్డపార, గంపలతో తవ్విన కాలంలో కొనేవాడికి కావాల్సింది లంపు, అంటే గడ్డరాయి. నలిగిన పొడిని, అంటే ఫైన్సును, గుట్ట వాలుమీదికి తోసేసేవాళ్లు. 2003 తర్వాత చైనా ఉక్కు ఫ్యాక్టరీలు ఫైన్సు కూడా ఎగబడి కొనడంతో ఆ వాలులే సరుకు కుప్పలయ్యాయి, పాత డంపులను, అంటే పారేసిన రాతి కుప్పలను, మళ్లీ జల్లెడపట్టారు. గట్టుమీద, చేలల్లో చెదిరిన రాళ్లు కూడా ఏరి లారీకెత్తారు. 2009లో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్, హెమటైట్‌ను ఖనిజంగా లెక్కించడానికి ఉండాల్సిన కనీస ఇనుము శాతాన్ని 45గా నిర్ణయించింది. అంతకుముందు అది 55. అంటే 45కూ 55కూ మధ్య శాతమున్న సరుకంతా ఒక్క నోటిఫికేషన్‌తో చెత్త నుంచి ఖనిజమైంది. 45 కంటే పైనున్నదాన్ని డంపులో పూడ్చేయకూడదు, విడిగా కుప్పవేసి ఉంచాలి. తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ కూడా అలాగే మారింది. ఒకప్పుడు మేలైన లంపుకే టన్నుకు 27 రూపాయలు. 2009 ఆగస్టు నుంచి ధరలో 10 శాతం, 2014 సెప్టెంబరు నుంచి 15 శాతం. గ్రేడును బట్టి రాయల్టీ ఉంటే శాతం తక్కువ చూపించాలన్న ఆశ పుడుతుంది. కొనేవాడి దగ్గర మాత్రం ఎక్కువ చూపించాలి. ఒకే కుప్పకు రెండు రిపోర్టులు ఎందుకు పుడతాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇక హద్దు సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి జిల్లాను విడగొట్టారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. గీత కాగితంమీద పడింది, ఖనిజం పట్టీ మాత్రం దాన్ని పట్టించుకోకుండా అడవిలో అటూ ఇటూ పాకి ఉంది. హద్దురాయి కొంచెం జరిగితే ఏమవుతుంది అని తేలిగ్గా అంటుంటారు. లెక్క వేద్దాం. వంద మీటర్ల పొడవున హద్దు పది మీటర్లు జరిగింది, అక్కడ ఖనిజం మందం 30 మీటర్లు. 30,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 3.5 టన్నులు వేసుకుంటే 1,05,000 టన్నులు. రెండు రాష్ట్రాల మధ్య ఈ హద్దు వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్రమాల లోతు చూసి 2011 జూలై 29న కోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాన్నే ఆపేసింది. ఆ తర్వాత అక్కడ మళ్లీ తెరిచిన గనులకు ఏటా ఇంతే తీయాలన్న పరిమితి వచ్చింది. ఇప్పుడు లీజు మూలలను డీజీపీఎస్‌తో, అంటే ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా, కొలిచి స్తంభాలు నాటుతున్నారు. లీజు హద్దు లోపల 7.5 మీటర్ల పట్టీని తాకకూడదన్న నిబంధన పాతదే. సర్వేయరు మొట్టమొదట గీయాల్సింది ఆ పట్టీనే.

తవ్వకంలో మెట్లు, అంటే బెంచీలు, ముఖ్యం. మట్టి, మొరంలో చేత్తో తవ్వితే మెట్టు ఎత్తు మీటరున్నర దాటకూడదు, వెడల్పు ఎత్తుకంటే తగ్గకూడదు. గట్టిరాయిలో యంత్రాలతో ఆరు మీటర్ల బెంచి మామూలు. అంచు నుంచి మూడు మీటర్ల లోపల చెట్టు, వదులు రాయి, మట్టికుప్ప ఏదీ ఉంచకూడదు. వాన వెలిసిన మర్నాడు పై అంచును నడిచి చూడకుండా కింద మనుషుల్ని దించడం పెద్ద తప్పు. పగులు ముందు పైనే కనిపిస్తుంది.

ఆరు మీటర్ల బెంచిని పేల్చడానికి మందు నింపే రంధ్రం 6.6 మీటర్లు వేస్తారు. ఆ అదనపు అరమీటరు చిల్లర లేకపోతే అడుగున రాయి తెగకుండా మొటిమలుగా మిగిలి, తర్వాత లారీల టైర్లు తింటుంది. బెంచి ముఖం నుంచి 3 మీటర్లు, రంధ్రానికీ రంధ్రానికీ 3.5 మీటర్లు పెడితే ఒక్కో రంధ్రం వాటా 63 ఘనపు మీటర్లు, సుమారు 220 టన్నులు. బీహెచ్‌క్యూ వస్తే ఈ దూరాలు తగ్గించాలి, డ్రిల్ బిట్లూ త్వరగా అరుగుతాయి. బ్లూడస్టుకు పేలుడే అవసరం లేదు. రంధ్రం నోటిని రెండున్నర, మూడు మీటర్ల మేర డ్రిల్లు పొడితో గట్టిగా పూడ్చకపోతే శక్తంతా పైకి ఎగిరి రాళ్లు పొలాల్లో పడతాయి. పేలాక నారింజ రంగు పొగ లేస్తే రంధ్రంలో నీళ్లున్నాయని, లేదా మందు కలపడంలో డీజిల్ తగ్గిందని గుర్తు. ఆ పొగ విషం. అది పూర్తిగా పోయేదాకా బ్లాస్టరు కూడా దగ్గరికి పోకూడదు. పేలని రంధ్రాన్ని తవ్వి మందు బయటికి తీయాలని చూడటం ప్రాణాలమీదికి తెస్తుంది.

మంచి డ్రిల్లరు సగం జియాలజిస్టు. గొట్టం పక్కన పడే పొడిని మీటరున్నరకొకసారి పట్టి సంచిలో వేసి, లోతు రాసిపెట్టాలి. నీలిబూడిద రంగు పొడిలో తెల్ల నలుసులు కనిపించడం మొదలైతే టోపీ అయిపోయి చారల రాయి వచ్చిందన్నమాట. అది గమనించకుండా మొత్తం కలిపి పేల్చేస్తే ఏమవుతుందో చూడండి: 63 శాతం సరుకు వెయ్యి టన్నుల్లో 38 శాతం రాయి 150 టన్నులు కలిస్తే కుప్ప మొత్తం 59.7కు దిగుతుంది. వెయ్యి టన్నుల ధర పడిపోయింది, చేతికొచ్చింది 150 టన్నుల రాయి. గనిలో నష్టాలు ఎక్కువగా ఇలాంటి చోట్లనే పుడతాయి, డీజిల్ దొంగతనంలో కాదు.

లోడింగు దగ్గర కొత్త డ్రైవర్లు పొరబడతారు. పగిలిన హెమటైట్ ఘనపు మీటరుకు సుమారు రెండున్నర టన్నులు. పది ఘనపు మీటర్ల తొట్టిని ఇసుకలాగా నింపితే 25 టన్నులు ఎక్కుతుంది. 18 టన్నుల బండికి ఏడు ఘనపు మీటర్లే లెక్క, అంటే తొట్టి వెలితిగా కనిపించాలి. బ్లూడస్టు అయితే వెనక డోరు సందుల్లోంచి కారుతుంది. సందుకు గోనె కుక్కి, పైన టార్పాలిన్ కట్టాల్సిందే. రోడ్డు పక్క చేలల్లో వేరుశనగ ఆకు ఎర్రబడేది ఎక్కువగా ఈ కారుడు వల్లే.

క్రషరు తర్వాత జల్లెళ్లు రాయిని వేరుచేస్తాయి. బ్లాస్ట్ ఫర్నేసుకు, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిమికి, 10-30 మిల్లీమీటర్ల లంపు, కరిగించకుండా ఇనుము తీసే స్పాంజ్ ఐరన్ వాళ్లకు 5-18, పది కంటే తక్కువ ఫైన్సు. జిగురుమట్టి కలిసిన సరుకు వానాకాలంలో జల్లెడ కన్నాలను మూసేస్తుంది. అప్పుడు ఫైన్సు లంపుతోపాటు దొర్లి వెళ్లిపోతుంది, కొనేవాడు ధరలో కోత వేస్తాడు. లాటరైట్ పెచ్చు కలిస్తే ఇంకో చిక్కు: అందులోని గోథైట్ లోపల నీరు బంధించుకొని ఉంటుంది, కొలిమిలో వేడికి రాయి చిటపటలాడి పగిలి పొడవుతుంది. బంకమట్టితో వచ్చే అల్యూమినా పెరిగితే చిట్టెం చిక్కబడి పారదు. ఫాస్ఫరస్ కొలిమిలో విడిపోకుండా ఇనుములోకే చేరుతుంది. అందుకే ఒప్పందాల్లో ఇనుము శాతంతో సమానంగా వీటికీ గీతలుంటాయి. కలపడంతో శాతం సరిచేయొచ్చు: 64 శాతం 3,000 టన్నులు, 56 శాతం 2,000 టన్నులు కలిస్తే 60.8. అయితే మొదటిదాంట్లో అల్యూమినా 2, రెండోదాంట్లో 5.5 ఉంటే కలిసిన కుప్పలో 3.4. శాతం నెగ్గి సరుకు వెనక్కొచ్చేది ఇలాంటప్పుడే.

శాంపిలు తీయడంలో మోసం కంటే అజ్ఞానమే ఎక్కువ. కుప్ప పోసినప్పుడు గడ్డలు దొర్లి అడుగుకు చేరతాయి, పొడి పైన నిలుస్తుంది. అడుగున చేతికందినచోట తీసిన గంపెడు మొత్తం కుప్పను చెప్పదు. కుప్ప పోస్తున్నప్పుడే బెల్టుమీద కొన్ని నిమిషాలకొకసారి అడ్డంగా కోసి తీయడం మేలు. తేమను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి చూస్తారు. 10,000 టన్నుల కుప్పలో 8 శాతం తేమ ఉంటే 800 టన్నులు నీళ్లే, ధర 9,200 టన్నులకే. తడి ఫైన్సుతో అంతకంటే పెద్ద ప్రమాదం ఓడలో ఉంది. అలల కుదుపుకు రేణువుల మధ్య నీరు పైకొచ్చి సరుకంతా బురదలా ఒకవైపుకు జారుతుంది. 2009లో ఇనుప ఫైన్సు ఎత్తుకొని ఏషియన్ ఫారెస్ట్ అనే ఓడ మంగళూరు దగ్గర, బ్లాక్ రోజ్ పారాదీప్ దగ్గర మునిగాయి.

మిగిలింది డంపు. రాయి తనంతట తాను సుమారు 37 డిగ్రీల వాలులో నిలుస్తుంది. దాన్ని అలాగే వదిలితే మొదటి పెద్దవానకు గాడులు పడతాయి. మెట్లు కట్టి, మొత్తం వాలును 28 డిగ్రీల లోపుకు తేవాలి. ప్రతి మెట్టూ గుట్టవైపుకు కొంచెం వాలి ఉండాలి, అప్పుడు నీళ్లు అంచుమీదుగా దూకకుండా లోపలి కాలువలోకి పోతాయి. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి వాన సుమారు 550 మిల్లీమీటర్లే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆ వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో కుండపోతగా పడుతుంది. పది హెక్టార్ల గనిమీద ఒక్కరాత్రి 50 మిల్లీమీటర్లు కురిస్తే 50 లక్షల లీటర్లు ఒకేసారి వంకలోకి దిగుతాయి, ఎర్రమట్టితో సహా. డంపు అడుగున రాతిగోడ, చుట్టూ కాలువ, వంకలో వరుసగా చెక్‌డ్యాములు కట్టించేది ఇందుకే. గని ఆగిపోయినా వీటి పని ఆగదు. చెక్‌డ్యాము వెనక పూడికను వేసవిలోనే తీయించి, తీసిన మట్టిని మళ్లీ గట్టుమీదే పోయకుండా దూరం తోలాలి. నిండిపోయిన చెక్‌డ్యాము మీదుగా నీళ్లు, మట్టి కలిసి దూకి, కింద ఊరి చెరువులోనే తేలతాయి.