రోజూ రాత్రి 2012

దుబాయ్‌లో నాది టైమ్‌కీపర్ ఉద్యోగం. పొద్దున్నే సైట్ గేటు దగ్గర నిలబడి ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఎవరు ఎంత ఓటీ చేశారు అన్నది షీటులో రాస్తాను. మా పాలమూరు వాళ్లు గల్ఫ్‌లో తక్కువే. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లది దుబాయ్ దారి, మాది బొంబాయి బస్సు. మా నాయన ఆ బస్సులోనే పోయి మేస్త్రీ కింద మట్టి మోశాడు. నేనొక్కణ్ణే ఇటు మళ్లాను.

వచ్చిన కొత్తలో మిగిలిన డబ్బుతో తమ్ముడికి ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనిచ్చాను. కల్వకుర్తి బస్టాండు దగ్గర వాడిది జిరాక్స్ షాపు. మూడో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. హాల్ టికెట్లు, ఆధార్ ప్రింట్లు, భూ భారతి కాగితాలు అన్నీ దాని మీదే. వచ్చే పోయే ప్రతివాడి పెన్‌డ్రైవూ దానికి గుచ్చాల్సిందే. అందుకే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోతుందని తెలిసినప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. విండోస్ 11 దానికి ఎక్కదు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే. ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలుంది కానీ ముందు విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2కి రావాలి. మావాడిది ఎప్పటిదో 1909 అనే పాత వెర్షన్ దగ్గరే ఆగి ఉంది, అప్‌డేట్ నొక్కితే ఎర్రర్ చూపిస్తుంది.

ఇక రాత్రిళ్లు మొదలయ్యాయి. డ్యూటీ దిగి, క్యాంపుకొచ్చి, వంట వంతు అయ్యాక ఎనిమిదిన్నరకి పై మంచం ఎక్కి బోటిమ్ యాప్‌లో వీడియో కాల్ చేస్తాను. ఇక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, కాల్ పోదు. అప్పటికి అక్కడ పది. తమ్ముడు ఇంట్లో అన్నం తినొచ్చి, షట్టర్ సగం ఎత్తి, మెయిన్ వేసి కూర్చుంటాడు. నా ముందుంటే గంటలో తేల్చేసే పనిని నేను చెప్పాలి, వాడు వెతికి నొక్కాలి. 'ఎడమ పక్క కింద' అని నేనంటే వాడి ఫోన్ కెమెరా ఎక్కడెక్కడో తిరిగి ఫ్యాన్ మీద ఆగుతుంది.

మొదటి రెండు రాత్రులు అప్‌డేట్ సర్వీసులు ఆపించి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్పించాను. సగంలో పాడైన డౌన్‌లోడ్లు అక్కడే పడి ఉంటాయి, పేరు మారిస్తే విండోస్ కొత్త ఫోల్డర్ పెట్టుకుంటుంది. ఫలితం లేదు. మూడో రాత్రి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ, అంటే పాడైన విండోస్ ఫైళ్లను వెతికి బాగుచేసే కమాండ్. ఆ ముసలి డిస్కు మీద అది నడవడానికి గంట పైనే పట్టింది, ఈలోపు నాకు కునుకు పట్టి ఫోన్ ముఖం మీద పడింది. తర్వాత సీ డ్రైవ్‌లో పేరుకున్న పెళ్లి వీడియోలన్నీ డీ డ్రైవ్‌కి పంపించి 20 జీబీ ఖాళీ చేయించాను. మళ్లీ అదే ఎర్రర్.

ఆ ఎర్రర్ నంబరును వాడు రోజూ చదివి వినిపిస్తూనే ఉన్నాడు, ఎఫ్‌ని ఎస్ అని. నాలుగో రాత్రి విసుగొచ్చి ఫొటో పంపమన్నాను. 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్. నంబరు సంగతి సరే, ఫొటోలో కింద కుడి మూలన తేదీ కనిపించింది: 2012 జనవరి 1.

"తేదీ గట్లుందేందిరా?"

"అది ఎప్పుడూ గంతే అన్నా. పొద్దుగాల షాపు తెర్వంగనే పెట్టుకుంట, లేకుంటే సైట్లు తెరుసుకోవు. రాత్రి ఏం పనుంటదని పెట్టలే."

"ఎన్నాళ్ల సంది?"

"పోయినేడు బతుకమ్మ ముంగట్నుంచి."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నెలనెలా జీతం తీసుకునేది టైము చూసినందుకు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032. మెయిన్ తీసేసినా గడియారం నడిచేది దానివల్లే. అది చచ్చిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ మొదటికొస్తుంది. ఆ తేదీ చూసి కంప్యూటర్, అప్‌డేట్ సర్వర్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్‌ని నమ్మదు, ఎందుకంటే దాని లెక్కన ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. నెట్ చూసి తనే టైము దిద్దుకోదా అంటే, తేడా మరీ ఇన్నేళ్లుంటే దిద్దుకోదు. ఆ కంప్యూటర్ లెక్కన కల్వకుర్తి కూడా ఇంకా ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లానే. నాగర్‌కర్నూల్ జిల్లా వచ్చింది 2016 అక్టోబర్ 11న కదా.

మర్నాడు బ్యాటరీ గడియారాల షాపులో దొరికింది, యాభై రూపాయలు. ప్లగ్ పీకించి, పవర్ బటన్ ఒకసారి నొక్కించి, డబ్బా పక్క రేకు తీయించాను. లోపల వేలు మందం దుమ్ము, ఫ్యాన్ పక్కన రెండు బల్లి గుడ్లు. వాడు వాటిని ముట్టనన్నాడు. క్లిప్పును గోటితో పక్కకి నెడితే పాత బిళ్ల ఎగిరి జిరాక్స్ మిషన్ కిందికి పోయింది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, ఆన్ చేసి, ఎఫ్1 నొక్కి, తేదీ పెట్టి, మెయిన్ ఆపి మళ్లీ వేశాడు. తేదీ నిలబడింది.

ఆ రాత్రే అప్‌డేట్ మొదలైంది. యూపీఎస్ బ్యాటరీ కూడా చచ్చిందే కాబట్టి పక్క మెడికల్ షాపు ఇన్వర్టర్ నుంచి వైరు లాగాడు. 61 శాతం దగ్గర యాభై నిమిషాలు ఆగింది. "స్విచ్ తీసి ఎయ్యాల్నా అన్నా?" అని నాలుగుసార్లు అడిగాడు. డబ్బా ముందున్న ఎర్ర లైటు చూడమన్నాను. "కొట్టుకుంటుంది." డిస్కు లైటు కొట్టుకుంటున్నంతసేపూ లోపల పని నడుస్తున్నట్టే, ముట్టుకోవద్దన్నాను. మూడు దాటాక, ఇక్కడ రెండు కావస్తుంటే, డెస్క్‌టాప్ ఫొటో పంపాడు. 22హెచ్2. వారంలోనే ఇంకో ఏడాది అప్‌డేట్లకు నమోదు కూడా చేయించాను. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టే పని లేదు.

ఆ హార్డ్ డిస్కును ఎక్కువ రోజులు నమ్మలేం. లీవుకి పోయేటప్పుడు కొనే సామాన్ల లిస్టులో ట్యాంగ్ డబ్బా, టైగర్ బామ్ కింద, దాని బదులు పెట్టడానికి ఎస్‌ఎస్‌డీ ఒకటి రాసుకున్నాను.

ఆ పొద్దున నాకు ఐదింటి బస్సు తప్పింది. గేటు దగ్గరికి చేరేసరికి ఇరవై నిమిషాలు లేటు. షీటులో నా పేరు ఎదురుగా నేనే రాసుకున్నాను.