పడుకోనివ్వండి ఆంటీ

మొన్న మా ఆఫీసులో ఒకావిడ బదిలీ మీద వైజాగ్ వెళ్తుంటే, వీడ్కోలు వీడియోకి ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 'విష్ యు వర్ హియర్' పాట పెట్టారు. వాట్సాప్ స్టేటస్‌లలోనూ అంతే, ఎవరు దూరమైనా ఇదే పాట. నువ్వుంటే బాగుండేది అన్న మాట ఉంది కదా, వాడుకోవడంలో తప్పేం లేదు. కానీ ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారో తెలిశాక నేను మాత్రం దాన్ని వీడ్కోలు పాటలా వినలేను.

సిడ్ బారెట్ ఆ బ్యాండ్‌ని నిలబెట్టినవాడు. మొదటి ఆల్బమ్‌లో పాటలు చాలావరకు అతనివే. 1967 చివరికొచ్చేసరికి మనిషి మారిపోయాడు. ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు వల్లనో, లోపల ఇంకేదైనా జబ్బు వల్లనో, స్టేజి మీద గిటార్ పట్టుకుని వాయించకుండా అలా నిలబడిపోయేవాడు. కేంబ్రిడ్జ్‌లో అతనితో కలిసి గిటార్ సాధన చేసిన స్నేహితుడు డేవిడ్ గిల్మోర్‌ని తోడు తెచ్చుకున్నారు. 1968 జనవరిలో ఒకరోజు ప్రోగ్రాంకి వెళ్తూ, సిడ్‌ని ఎక్కించుకుందామా అని ఒకరు అడిగితే, ఎందుకులే అన్నారు ఇంకొకరు. అంతే. గొడవ లేదు, పంచాయితీ లేదు. బండి అతని ఇంటివైపు తిరగలేదు.

ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

2005లో మేం నలుగురం విజయవాడ పటమటలో మా మేడ మీద గదిలో ప్రాక్టీస్ చేసేవాళ్ళం. వినాయక చవితి పందిళ్ళలో సినిమా పాటలు, మిగతా రోజుల్లో మాకిష్టమైనవి. ఈ పాట మొదట్లో స్టేషన్లు మారుతున్న రేడియో వినిపిస్తుంది. అందులోంచి సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఒక గిటార్. కాసేపటికి ఎవరో దగ్గుతారు, ఊపిరి పీలుస్తారు, ఆ రేడియోతో పాటు రెండో గిటార్ అందుకుంటారు. ఇది నిండుగా, మన పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది. అచ్చం అలాగే రావాలని మావాడు గిటార్ తీసుకుని బాత్రూంలోకెళ్ళి తలుపేసుకునేవాడు. ఇ-మైనర్, జి, మళ్ళీ ఇ-మైనర్ కార్డ్‌లు. తలుపు వెనక వాడు, గదిలో నేను. రెండో గిటార్ నాది కాబట్టి దగ్గు కూడా నేనే దగ్గాలి.

రెండేళ్ళు తిరక్కుండానే వాడికి నిద్ర పట్టడం మానేసింది. పాట మధ్యలో ఆగిపోయి ఫ్యాన్ వంక చూస్తూ కూర్చునేవాడు. సత్యనారాయణపురంలో వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళాం. డాక్టర్‌కి చూపిస్తున్నాం బాబూ అంది వాళ్ళమ్మ. ఇంతలో గుంటూరులో ఒక కాలేజీ ఫెస్ట్‌కి పిలుపొచ్చింది. సుమో మాట్లాడుకున్నాం. బయల్దేరే ముందు నేనే ఫోన్ చేశాను, ఆంటీ ఎత్తారు.

"ఇప్పుడే పడుకున్నాడు బాబూ. లేపమంటావా?"

"వద్దాంటీ, పడుకోనివ్వండి."

ఆవిడ నన్ను మంచివాడనుకుని ఉంటారు. సుమోలో మా ముగ్గురిలో ఒక్కరూ వాడి పేరెత్తలేదు. వారధి దాటుతుంటే నాకు గుండెల మీంచి బరువు దిగినట్టనిపించింది. ఆ తేలిక గుర్తొస్తే ఇప్పటికీ తట్టుకోలేను. మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళలేదు.

అందుకే నాకు ఈ పాట, మనిషిని వదిలి వెళ్ళినవాళ్ళు పాడుకునేదిగా వినిపిస్తుంది. మాటలు బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్‌వి. ఆ రెండు గిటార్లూ గిల్మోర్‌వి, అంటే సిడ్ స్థానంలోకి వచ్చినవాడివి. వాళ్ళు అతన్ని పూర్తిగా గాలికొదిలేశారని కూడా అనలేం. సిడ్ సొంతంగా చేసి 1970లో విడుదలైన రెండు ఆల్బమ్‌లకీ గిల్మోర్ దగ్గరుండి పనిచేశాడు. ఈ పాట పాడేటప్పుడల్లా సిడ్ గుర్తొస్తాడని తర్వాత చెప్పాడు కూడా. చివర్లో చేపల తొట్టి మాట వస్తుంది చూడండి, అక్కడ పాడేవాడు తను గట్టు మీదున్నానని అనుకోడు. ఇద్దరం అందులోనే తిరుగుతున్నాం అంటాడు.

1975 జూన్‌లో ఈ పాట ఉన్న ఆల్బమ్ పని జరుగుతుండగా సిడ్ లండన్‌లో స్టూడియోకి వచ్చాడు. గుండు, కనుబొమ్మలు కూడా గీసేసుకున్నాడు, బాగా లావయ్యాడు. అతని మీదే పాట కడుతున్న స్నేహితులు చాలాసేపు అతన్ని పోల్చుకోలేకపోయారు. ఆ రేడియో గిటార్ నాకు అర్థమైంది ఇక్కడే. రేడియోలో వాయించేవాడితో మనం ఎంత బాగా కలిసి వాయించినా, మనం వాయించేది వాడికి వినపడదు.

పోయిన నెల పటమట రైతు బజార్‌లో ఎవరో వెనక నుంచి నన్ను పేరు పెట్టి పిలిచారు. సంచిలో తోటకూర, నెరిసిన గడ్డం. నవ్వేదాకా పోల్చుకోలేకపోయాను.

"ఏరా, వాయిస్తున్నావా?" అంటూ నా ఎడం చెయ్యి పట్టుకుని వేళ్ళ కొసలు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. "మెత్తబడిపోయాయి కదరా!"

నొక్కుతుంటే వాడి వేళ్ళు తగిలాయి. నాలుగూ కాయలు కాసి రాయిలా ఉన్నాయి.

శనివారం ఇంటికి రమ్మన్నాడు. నా గిటార్ తీగలు తుప్పు పట్టిపోయాయి, నిన్న గవర్నర్‌పేటలో కొత్త సెట్టు కొన్నాను.